బిడ్డ చెప్పుకోగలిగిన ఇల్లు

కేంద్ర మహిళా, శిశు అభివృద్ధి మంత్రిత్వ శాఖ 2007లో వెలువరించిన అధ్యయనం పదమూడు రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలతో మాట్లాడి, వారిలో 53 శాతానికి పైగా ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపుకు గురైనట్టు తేల్చింది. అప్పటికి ఇంకా విడిపోని ఆంధ్రప్రదేశ్, వేధింపుల శాతం అత్యధికంగా కనిపించిన నాలుగు రాష్ట్రాల్లో ఒకటి. మిగిలిన మూడు అస్సాం, బీహార్, ఢిల్లీ. బాధితుల్లో మగపిల్లలు ఆడపిల్లల కంటే కొంచెం ఎక్కువగానే ఉన్నారని, వేధించినవారిలో సగం మంది పిల్లలకు తెలిసినవారో, వారు నమ్మి గౌరవించే స్థానంలో ఉన్నవారో అని, అత్యధిక సంఖ్యలో పిల్లలు జరిగినదాన్ని ఎవరికీ చెప్పలేదని కూడా ఆ నివేదిక నమోదు చేసింది. జాతీయ నేర నమోదు సంస్థ ఏటా ప్రకటించే లెక్కలు చూస్తే, పోలీసుల దాకా వచ్చిన పిల్లలపై అత్యాచార కేసుల్లో నూటికి తొంభైకి పైగా నిందితులు ఆ బిడ్డ ఎరిగినవారే. మొదటి లెక్కలో ఎక్కడా ఫిర్యాదు కాని వేధింపులు కూడా చేరాయి, రెండోది కేసు పెట్టిన తీవ్ర నేరాలకే పరిమితం. అయినా రెండూ ఒకే దిక్కును చూపిస్తున్నాయి. చీకట్లో పొంచి ఉన్న అపరిచితుడి గురించి పిల్లలను హెచ్చరించడంతో తమ బాధ్యత తీరిందని తల్లిదండ్రులు భావిస్తే, ప్రమాదం ఎక్కువగా ఉన్న వైపు కాపలా లేనట్టే.

లైంగిక వేధింపు అంటే అత్యాచారమే అనుకుని, అంతదాకా రాని చేష్టలను పట్టించుకోనక్కరలేని చిల్లర పనులుగా వదిలేసే పెద్దలు చాలామంది ఉన్నారు. 2012 నవంబరు 14న అమలులోకి వచ్చిన లైంగిక నేరాల నుంచి బాలల పరిరక్షణ చట్టం, అంటే వాడుకలో పోక్సో చట్టం, ఈ హద్దులను చాలా విశాలంగా గీసింది. పద్దెనిమిదేళ్లు నిండని ప్రతి ఒక్కరూ, ఆడపిల్ల అయినా మగపిల్లవాడైనా, ఆ చట్టం దృష్టిలో బిడ్డే. బిడ్డ ఒప్పుకున్నట్టు కనిపించినా ఆ ఒప్పుకోలుకు చట్టంలో విలువ లేదు. లైంగిక ఉద్దేశంతో బిడ్డ మర్మాంగాలను తాకడం, బిడ్డ చేత తాకించుకోవడం, తన శరీరాన్ని చూపించడం, బిడ్డ శరీరాన్ని చూపించమనడం, అశ్లీల దృశ్యాలు చూపించడం, వెంటబడడం, ఫోనులోనో ఇంటర్నెట్‌లోనో పదే పదే పలకరించి వేధించడం, ఇవన్నీ శిక్షార్హమైన నేరాలు. దుస్తుల మీదుగా తాకితే ఆ చట్టం కింద లైంగిక దాడి కాదని బొంబాయి హైకోర్టు నాగపూర్ ధర్మాసనం 2021 జనవరిలో ఇచ్చిన తీర్పును అదే ఏడాది నవంబరులో సుప్రీంకోర్టు కొట్టివేసి, చూడవలసింది చర్మం తగిలిందా లేదా అన్నది కాదని, తాకినవాడి లైంగిక ఉద్దేశమని స్పష్టం చేసింది. తల్లిదండ్రులు కూడా ఇదే కొలమానాన్ని పాటించాలి. చేష్ట ఎంత చిన్నది అన్న ప్రశ్న దగ్గర ఆగిపోతే, పెద్ద నేరానికి ముందు జరిగే సన్నాహం వారి కంటికి ఆనదు.

ఆ సన్నాహాన్ని అర్థం చేసుకోవడానికి అమెరికా సామాజిక శాస్త్రవేత్త డేవిడ్ ఫింకెల్‌హార్ 1984లో ప్రతిపాదించిన వివరణ ఇప్పటికీ ఉపయోగపడుతోంది. బిడ్డపై ఈ నేరం జరగాలంటే నాలుగు షరతులు నెరవేరాలని ఆయన వాదించాడు: నేరం చేసేవాడిలో ఆ కోరిక ఉండాలి, తన మనస్సాక్షి పెట్టే అడ్డును వాడు దాటాలి, బిడ్డ చుట్టూ ఉన్న మనుషుల కాపలాను దాటాలి, చివరికి బిడ్డ ప్రతిఘటనను దాటాలి. మొదటి రెండింటిపై తల్లిదండ్రులకు ఎలాంటి అదుపూ లేదు. మూడోది పూర్తిగా పెద్దల చేతిలో ఉన్నది, నాలుగోది కొంతవరకే బిడ్డ చేతిలో ఉన్నది. అయినా బడుల్లో, ఇళ్లలో జరుగుతున్న ప్రచారం చాలావరకు నాలుగోదాని చుట్టూనే తిరుగుతోంది. వద్దని చెప్పు, అరువు, పరుగెత్తు అని ఆరేళ్ల పాపకు నేర్పించి, కాపలా భారమంతా ఆ పాప భుజాల మీదే పెడుతున్నారు. పెద్దవాడి బలం ముందు, అందులోనూ తాను ప్రేమించే పెద్దవాడి ముందు, బిడ్డ గొంతు పెగలదు, ఒళ్లు బిగుసుకుపోతుంది. అరవమని నేర్చుకుని కూడా అరవలేకపోయిన బిడ్డ తప్పు తనదేనని నమ్ముతుంది. కనుక ఆ పాఠం చెప్పేవారు, అరవలేకపోయినా తప్పు నీది కాదు, ఎన్ని రోజుల తర్వాత చెప్పినా వింటాం అన్న రెండో సగాన్ని కూడా చెప్పి తీరాలి.

మూడో షరతు, అంటే పెద్దల కాపలాను దాటడం, బలప్రయోగంతో జరిగేది చాలా తక్కువ. నేరశాస్త్రంలో గ్రూమింగ్ అని వ్యవహరించే ప్రక్రియ ఇక్కడే మొదలవుతుంది. బిడ్డను, బిడ్డతో పాటు కుటుంబాన్ని ఓపికగా మచ్చిక చేసుకోవడమే ఆ ప్రక్రియ సారాంశం. అలాంటి వ్యక్తి ముందుగా గెలుచుకునేది తల్లిదండ్రుల నమ్మకాన్ని. ఇంట్లో సాయం అవసరమైన సమయానికి అందుబాటులో ఉంటాడు, పిల్లలను బడి నుంచి తెచ్చిపెడతాడు, లెక్కలు ఉచితంగా చెబుతానంటాడు, పిల్లలంటే ప్రాణమని పేరు తెచ్చుకుంటాడు. ఆ తర్వాత బిడ్డకు ప్రత్యేక స్థానం ఇస్తాడు. మిగతావారికి ఇవ్వని చాక్లెట్టు, అమ్మ వద్దన్న ఫోను, నాన్న తిట్టినప్పుడు ఓదార్పు. ఆపైన చక్కిలిగిలి, కుస్తీ, ఒళ్లో కూర్చోబెట్టుకోవడం వంటి ఆటల్లో చేతిని కొద్దికొద్దిగా జరిపి, బిడ్డ ఇంట్లో చెబుతుందో లేదో చూస్తాడు. చెప్పలేదని రూఢి అయ్యాకే అసలు నేరానికి దిగుతాడు. అప్పటికి బిడ్డ వాడిచ్చిన వస్తువులు తీసుకుని ఉంటుంది, వద్దన్న వీడియోలు చూసి ఉంటుంది, చిన్న చిన్న అబద్ధాలు ఆడి ఉంటుంది. ఇవన్నీ బయటపడితే దెబ్బలు తప్పవన్న భయం ఆ నోటికి తాళం వేస్తుంది. పగిలిన గ్లాసుకు, పోయిన పది రూపాయలకు బిడ్డను చావబాదే ఇల్లు తెలియకుండానే ఈ మనిషికి సాయం చేస్తోంది. పిల్లల చిన్న తప్పులను తల్లిదండ్రులు ఎలా స్వీకరిస్తారు అన్నదాన్ని బట్టే, పెద్ద విషయం వారి దాకా వస్తుందా రాదా అన్నది తేలుతుంది.

ఇలా మంచితనం చూపే ప్రతివాడూ అనుమానితుడేనా అన్న ప్రశ్న సహజం. కాదు; పిల్లలను నిజంగా ప్రేమించే బాబాయిలు, మాస్టార్లు, ఇరుగుపొరుగు ఎందరో ఉన్నారు, వారు లేని బాల్యం బీదది. గమనించవలసింది మంచితనాన్ని కాదు, ఏకాంతం కోసం పట్టుదలను, తల్లిదండ్రులు పెట్టిన నియమాన్ని దాటే అలవాటును, బిడ్డతో రహస్యాలు పంచుకోవడాన్ని. తలుపు తీసి ఉంచండి అన్నప్పుడు మంచి మాస్టారు నొచ్చుకోడు.

తెలుగు కుటుంబ జీవితంలో ఈ విషయానికి సంబంధించి ప్రత్యేకంగా ఆలోచించవలసినవి కొన్ని ఉన్నాయి. పెద్దలు చెప్పింది వినాలి అన్నది ఇక్కడ పెంపకానికి పునాది వంటిది. వినని పిల్ల మొండిది, ఎదురు చెప్పే పిల్లవాడు పెంకివాడు. ఆ శిక్షణలో ఎక్కడా మినహాయింపు లేకపోతే, పెద్దవాడు చేయకూడని పని చేయమన్నప్పుడు కూడా బిడ్డ అదే వినయాన్ని చూపిస్తుంది. మామయ్యకు ముద్దు పెట్టమ్మా, తాతయ్య ఒళ్లో కూర్చో అని ముడుచుకుపోతున్న బిడ్డను ముందుకు తోయడం, ఇష్టం లేకపోయినా తన ఒంటిని పెద్దలకు అప్పగించాలన్న పాఠాన్ని నేర్పుతుంది. గౌరవం చూపడానికి తెలుగువారికి నమస్కారం ఉండనే ఉంది. దానికి ఎవరినీ తాకనక్కరలేదు. మేనరికాలు అలవాటున్న ఇళ్లలో మేనమామనో, బావనో చూపించి నాలుగేళ్ల పాపతో నీ మొగుడు వచ్చాడు చూడు అనే పరాచికం మరింత హాని చేస్తుంది. ఆ వరస మాటున హద్దు దాటిన చేష్ట జరిగినప్పుడు అది వేళాకోళమో, తప్పో పాపకు తెలియదు. చెబితే అందరూ నవ్వుతారన్న సంగతి మాత్రం ఆమెకు అప్పటికే తెలుసు. ఈ పరాచికాన్ని తల్లిదండ్రులు తమ ఇంట్లో నిర్మొహమాటంగా ఆపివేయాలి. సంక్రాంతికో, పెళ్లికో ఇల్లంతా బంధువులతో నిండినప్పుడు పిల్లలందరినీ హాల్లో చాపల మీద ఎవరి పక్కనో పడుకోబెట్టే అలవాటును కూడా మార్చుకోవాలి. పిల్లలు ఎక్కడ, ఎవరి పక్కన పడుకుంటారో ముందే అనుకోవడం వల్ల ఏ చుట్టరికమూ చెడదు.

పిల్లలకు నేర్పవలసినవాటిలో మొట్టమొదటిది శరీర భాగాల పేర్లు. మర్మాంగాలను సిగ్గు అనో, షేమ్ షేమ్ అనో మాత్రమే పిలవడం తెలిసిన బిడ్డ, అక్కడ జరిగినదాన్ని చెప్పడమే సిగ్గుమాలిన పని అనుకుంటుంది; చెప్పినా వినేవారికి అర్థం కాదు. స్నానం చేయించేటప్పుడు మోచేయి, మోకాలు అన్నంత మామూలుగా జననాంగాల పేర్లు కూడా చెప్పడం మూడేళ్ల వయసు నుంచే సాధ్యం. రెండోది స్పర్శ గురించిన నియమం. బడుల్లో గుడ్ టచ్, బ్యాడ్ టచ్ పేరుతో చెప్పే పాఠం మేలు చేస్తున్నదే కానీ, అందులో ఒక లోపం ఉంది. చక్కిలిగిలిగానో, హాయిగానో అనిపించిన తాకిడిని బిడ్డ చెడు స్పర్శగా గుర్తించదు. తర్వాత అర్థమైనప్పుడు తనకు బాగా అనిపించింది కాబట్టి తానూ దోషినేనని కుమిలిపోతుంది. అందుచేత అనుభూతిని బట్టి కాకుండా చోటును బట్టి నియమం చెప్పడం మేలు: శుభ్రం చేయడానికి అమ్మానాన్నలు, అమ్మానాన్నల ఎదుట వైద్యం కోసం డాక్టరు తప్ప, లోదుస్తులు కప్పే చోట్లను ఎవరూ తాకకూడదు, చూడకూడదు, తమవి చూపించకూడదు. అమ్మానాన్నలైనా శుభ్రం చేయడానికి కాకుండా తాకితే, అది రహస్యమని చెబితే, ఆ సంగతి అమ్మమ్మకో టీచరుకో చెప్పవచ్చని కూడా అదే ఊపులో నేర్పాలి; తండ్రే, సవతి తండ్రే నేరస్థుడైన కేసులు న్యాయస్థానాల ముందు ఎన్నో ఉన్నాయి.

మూడోది రహస్యాల గురించి. నాన్న పుట్టినరోజుకు కొన్న కానుక వంటిది కొద్దిరోజుల్లో అందరికీ తెలిసిపోయే సంగతి, దాన్ని దాచడంలో సంతోషం ఉంటుంది; అమ్మకు ఎప్పటికీ చెప్పొద్దు అంటూ పెద్దవారు ఇచ్చే రహస్యం మాత్రం వెంటనే చెప్పవలసిన సంగతి. ఈ తేడా అయిదేళ్ల బిడ్డకు సులువుగా అర్థమవుతుంది. వీటిని ఒక రోజు కూర్చోబెట్టి ఉపన్యాసంగా చెబితే నిలవవు. అన్నం తింటూ, బస్సులో వెళుతూ, సినిమాలో ఒక దృశ్యం వచ్చినప్పుడు, వయసుకు తగ్గట్టు మళ్లీ మళ్లీ చెప్పాలి. మగపిల్లలకు కూడా ఇవన్నీ చెప్పాలి. మగవాడివి, నీకేమవుతుంది అన్న మాట ఎందరో అబ్బాయిల నోరు నొక్కేసింది. మాట సరిగా రాని, కదలలేని, బుద్ధి ఎదుగుదల నెమ్మదిగా ఉన్న పిల్లల తల్లిదండ్రులు మరింత జాగ్రత్త వహించాలి. వారి పనులు చేసిపెట్టే చేతులు ఎక్కువ, వారు చెప్పగలిగేది తక్కువ.

ఇంటి బయట కాపలా కాయడం అనుమానంతో కాకుండా అవకాశాన్ని తగ్గించడంతో జరగాలి. ట్యూషన్ గది తలుపు తెరిచి ఉండడం, స్కూలు ఆటోలో చిట్టచివర దిగే బిడ్డ ఒంటరిగా ఎంతసేపు ఉంటుందో తెలుసుకోవడం, చెప్పకుండా మధ్యలో ఒకసారి వెళ్లి చూడడం వంటివి ఖర్చు లేని పనులు. 2020 నాటి పోక్సో నియమాల ప్రకారం పిల్లలతో మెలిగే సిబ్బంది గురించి పోలీసు విచారణ జరిపించడం, వారికి శిక్షణ ఇప్పించడం బడులు, హాస్టళ్ల బాధ్యత. ఆ పని జరిగిందా అని అడిగే హక్కు ప్రతి తల్లికీ తండ్రికీ ఉంది. గురుకులాల్లో, కార్పొరేటు కళాశాలల హాస్టళ్లలో పిల్లలను చేర్పించేవారు ర్యాంకుల గురించి అడిగినంత శ్రద్ధగా, రాత్రిపూట ఎవరు ఉంటారు, బిడ్డ ఎవరూ వినకుండా ఇంటికి ఫోను చేసుకోగలదా అని కూడా అడగాలి. వలస పనులకో, గల్ఫ్ దేశాలకో వెళుతూ పిల్లలను బంధువుల దగ్గర వదలక తప్పని తల్లిదండ్రులు, వీలైతే ఆ ఇంటికి చెందని ఒక నమ్మకస్థురాలిని, టీచరునో అంగన్‌వాడీ కార్యకర్తనో, బిడ్డకు పరిచయం చేసి వెళ్లడం అవసరం.

ఇంట్లోనే, పక్క గదిలోనే ఉన్న బిడ్డ దగ్గరికి ఫోను ద్వారా అపరిచితుడు రావడం ఇప్పటి కొత్త ప్రమాదం. ఆటల్లో, ఇన్‌స్టాగ్రామ్‌లో తోటి వయసువాడిగా నటించి, ఒక ఫోటో అడిగి, ఆ ఫోటోతో బెదిరించి మరిన్ని రాబట్టడం వాడి పద్ధతి. బిడ్డ ఈ ఉచ్చులో పడ్డట్టు తెలిస్తే ఫోను లాక్కుని శిక్షించడం వాడికే లాభం. సందేశాలను చెరిపివేయకుండా భద్రపరచి, అడిగినది ఇవ్వకుండా, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లోనో పోలీసు స్టేషనులోనో ఫిర్యాదు చేయాలి. పిల్లల లైంగిక దృశ్యాలను చూడడం, దాచుకోవడం కూడా నేరమేనని సుప్రీంకోర్టు 2024 సెప్టెంబరులో నిర్ద్వంద్వంగా చెప్పింది. దుర్మార్గుణ్ణి బయటపెట్టాలన్న ఆవేశంతో అలాంటి వీడియోను వాట్సాప్‌లో పంచేవారు ఆ బిడ్డను రెండోసారి గాయపరుస్తున్నారు, చట్టాన్నీ ఉల్లంఘిస్తున్నారు.

వేధింపుకు గురైన బిడ్డ ఒంటి మీద గాయం కనిపించి తీరాలన్న నమ్మకం తప్పు. చాలా సందర్భాల్లో వైద్య పరీక్షలోనూ ఏమీ కనిపించదు. మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలవడం, మూత్రానికి వెళితే మంట, ఒక మనిషిని చూడగానే దాక్కోవడం, ట్యూషన్‌కు పోనని ఏడవడం, వయసుకు మించిన లైంగిక సంగతులు మాట్లాడడం, ఎక్కడివో తెలియని కానుకలు, తనను తాను గాయపరచుకోవడం వంటివి సూచనలు మాత్రమే. వీటిలో ప్రతిదానికీ వేరే కారణం ఉండవచ్చు, కానీ అడగకుండా వదిలేయడానికి అది సాకు కాకూడదు.

ఏదో ఒక రోజు బిడ్డ చెబితే, ఆ తర్వాతి కొద్ది నిమిషాల్లో తల్లి ముఖం ఎలా మారింది, తండ్రి ఏమన్నాడు అన్నదాని మీద చాలా ఆధారపడి ఉంటుంది. అమెరికా మనోవైద్యుడు రోలండ్ సమ్మిట్ 1983లో రాసిన వ్యాసంలో, బాధిత పిల్లల ప్రవర్తన పెద్దలకు నమ్మశక్యంగా లేకపోవడానికి కారణాలను వివరించాడు. రహస్యం, నిస్సహాయత, తప్పించుకోలేక సర్దుకుపోవడం, ఆలస్యంగా, పొంతన లేకుండా బయటపెట్టడం, ఇంట్లో కల్లోలం చూసి అదంతా అబద్ధమని వెనక్కి తీసుకోవడం అనే అయిదు అంశాలను ఆయన గుర్తించాడు. చివరి అంశాన్ని ఆయన వివరణలలో అన్నిటికంటే ముఖ్యమైనదిగా భావించాలి. అమ్మ ఏడుస్తోంది, నానమ్మ అన్నం మానేసింది, బాబాయి ఇల్లు వదిలిపోయాడు, ఇదంతా తన నోటి వల్లే జరిగిందనుకున్న పాప, నేను అబద్ధం చెప్పానంటుంది. కుటుంబం ఊపిరి పీల్చుకుని ఆ మాటనే నమ్ముతుంది. మొదటి మాటను నమ్మడానికి వెనుకాడినవారు రెండో మాటను అంత త్వరగా ఎందుకు నమ్ముతారో ఆలోచించుకోవాలి.

చెప్పిన బిడ్డతో అనవలసినవి తక్కువే: నువ్వు చెప్పింది నమ్ముతున్నాం, తప్పు నీది కాదు, చెప్పి మంచి పని చేశావు, ఇక జరగకుండా చూసుకుంటాం. అనకూడనివి ఎందుకు వెళ్లావు, అప్పుడే ఎందుకు చెప్పలేదు, ఎవరికీ చెప్పకు అన్నవి. ఒకరి తర్వాత ఒకరు బంధువులు ప్రశ్నించడం, అలా చేశాడా, ఇలా చేశాడా అని మాటలు అందించడం, నిందితుడి ఎదుట నిలబెట్టి చెప్పించడం బిడ్డను చిత్రహింస పెట్టడమే కాక, తర్వాత కోర్టులో సాక్ష్యాన్ని కూడా బలహీనపరుస్తాయి. బిడ్డ తన మాటల్లో చెప్పినదాన్ని తేదీతో రాసిపెట్టుకోవడం చాలు. తీవ్రమైన దాడి జరిగి ఉంటే స్నానం చేయించకుండా, ఆ దుస్తులు ఉతకకుండా కాగితపు సంచిలో ఉంచి, వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. హెచ్‌ఐవీ నివారణ మందులు, గర్భనిరోధక మందులు మొదటి 72 గంటల్లో ఎంత త్వరగా ఇస్తే అంత మేలు. ఆ అత్యవసర చికిత్సకు ముందుగా ఏ పోలీసు కాగితమూ అడగడానికి వీలులేదు.

చాలా కుటుంబాలు ఇక్కడే ఆగిపోతాయి. పరువు పోతుంది, పిల్లకు పెళ్లి కాదు, అన్నదమ్ములు విడిపోతారు అన్న మాటలు మొదలై, పెద్దమనుషుల పంచాయితీలో డబ్బుతో విషయం ముగుస్తుంది. నేరం జరిగిందని తెలిసి చెప్పకపోవడమే పోక్సో చట్టం కింద ఆరు నెలల దాకా జైలు శిక్షకో, జరిమానాకో, రెండింటికో గురిచేసే నేరం. రాజస్థాన్‌లో ఒక ఉపాధ్యాయుడిపై కేసును బిడ్డ తండ్రితో రాజీ కుదిరిందన్న కారణంగా అక్కడి హైకోర్టు కొట్టివేస్తే, 2024 నవంబరులో సుప్రీంకోర్టు ఆ ఆదేశాన్ని రద్దు చేసి విచారణ కొనసాగాలని తీర్పు చెప్పింది. పరువు తీసిన పని చేసినవాడు వేరే ఉండగా, ఆ పరువును నిలిపే భారం ఏ తప్పూ చేయని బిడ్డ మౌనం మీద పెట్టడం అన్యాయం. మరోవైపు, కూతురి ప్రేమ వ్యవహారం నచ్చక ఈ చట్టాన్ని ఆయుధంగా వాడే తల్లిదండ్రులూ ఉన్నారు. అలాంటి ఇంట్లో పెరిగే అమ్మాయి నిజమైన వేధింపు జరిగినప్పుడు వారి దగ్గరికి రాదు.

పోలీసు స్టేషను, కోర్టు అంటే ఉన్న భయం కొంత నిజమే, కొంత తెలియకపోవడం వల్ల వచ్చినది. బిడ్డ వాంగ్మూలాన్ని బిడ్డ ఇంట్లోనో, బిడ్డ కోరిన చోటనో, వీలైనంతవరకు ఎస్సై స్థాయికి తగ్గని మహిళా అధికారి, యూనిఫాం లేకుండా నమోదు చేయాలి. ఏ కారణంతోనూ బిడ్డను రాత్రిపూట స్టేషనులో ఉంచకూడదు. ఆడపిల్లకు మహిళా డాక్టరే, అమ్మానాన్నల్లో ఒకరో బిడ్డ నమ్మిన మరొకరో పక్కన ఉండగా పరీక్ష చేయాలి. కోర్టులో విచారణ బహిరంగంగా జరగదు, నిందితుడు బిడ్డ కంటికి ఎదురుపడకుండా చూడాలి, న్యాయవాదులు తమ ప్రశ్నలను న్యాయమూర్తి ద్వారానే అడగాలి. బిడ్డ పేరు, బడి, చిరునామా బయటపెట్టడం నేరం. కేసు పొడవునా వెంట ఉండే సహాయక వ్యక్తిని బాలల సంక్షేమ కమిటీ నియమించగలదు, కేసు తేలకముందే ప్రత్యేక కోర్టు మధ్యంతర పరిహారం ఇప్పించగలదు. ఏడాదిలోగా ముగియాలన్న విచారణ ఆచరణలో తరచుగా సాగుతూనే ఉంది, దీన్ని దాచి చెప్పడం తల్లిదండ్రులకు మేలు చేయదు. అయినా పోలీసు, వైద్య, న్యాయ, మానసిక సహాయాలను ఒకే కప్పు కిందకు తెచ్చిన హైదరాబాదు భరోసా కేంద్రం 2016 నుంచి పనిచేస్తోంది. అలాంటి సహాయమే అందించే సఖి కేంద్రాలు తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి.

పిల్లల సహాయం కోసం దేశమంతటా ఉన్న ఫోను నంబరు 1098. రాత్రింబవళ్లు పనిచేసే ఈ నంబరుకు చేసే ఫోనుకు డబ్బు పడదు, బిడ్డ కూడా స్వయంగా చేయవచ్చు, అందుకే దాన్ని పిల్లల చేత కంఠస్థం చేయించాలి. సదుద్దేశంతో సమాచారం ఇచ్చినవారిపై సివిల్ గానీ క్రిమినల్ గానీ ఎలాంటి చర్యా ఉండదని పోక్సో చట్టం 19వ సెక్షను హామీ ఇస్తోంది. ఆ హామీ తల్లిదండ్రులకే కాదు, పొరుగింటివారికి, ఉపాధ్యాయులకు, అనుమానం వచ్చిన ఎవరికైనా వర్తిస్తుంది.